గుడ్డ కట్టిన కర్ర

గాలానికి తగులుకుని పైకి వచ్చింది వీరరాఘవులు ఎడమకాలి బూటు. చేప కాదని లాగుతున్నప్పుడే తెలిసింది. చేపయితే చేతికి ప్రాణం తగులుతుంది, ఇది మొద్దులా వస్తోంది. మునిగిపోయిన తుమ్మకొమ్మ ఏదో విరిగి వస్తోందనుకుని తంగూసు తెగకుండా మెల్లగా, జానెడు జానెడు లాగాను. టీ రంగు నీళ్ళలోంచి ముందు నల్లటి రబ్బరు అంచు తేలింది. తర్వాత మడమ. మడమ మీద సైకిల్ ట్యూబు ముక్కతో వేసిన ప్యాచ్, బొట్టుబిళ్ళలా గుండ్రంగా. అది వేయించిన రోజు నేను పక్కనే ఉన్నాను. మునీర్కాలో పంక్చర్లు వేసేవాడు నవ్వాడు, బూటుకి పంక్చరేమిటి సాబ్ అని. "వేసెయ్ భయ్యా, దీన్లోంచి గాలి పోయినా పర్లేదు, నీళ్ళు రాకుండా ఉంటే చాలు" అన్నాడు రాఘవులు, వాడికి అర్థం కాని తెలుగులో, వాడికన్నా గట్టిగా నవ్వుతూ. ఇప్పుడు ఈ బూటు నిండా మట్టి. నీళ్ళు కూడా కాదు, మట్టి. బూడిదరంగు బంకమట్టి, రుబ్బి కూరినట్టుగా.

ఒడ్డు మీద పెట్టి చూస్తున్నాను. ఆరు డిగ్రీలని ఫోన్లో చూపించింది. ఏడున్నరయింది. సూర్యుడు ఎక్కడో ఉండే ఉంటాడు, ఇక్కడికి మాత్రం రాలేదు. నోయిడా దాటి, కరకట్ట దిగి, రోడ్డు వెయ్యడానికి ఎవరో మట్టి తవ్వుకుపోగా మిగిలిన గుంట ఇది. జనవరిలో కూడా నీళ్ళు తేరవు, అవతలి ఒడ్డున ఇటుకబట్టీ మోటార్లు రోజంతా కలియబెడుతూనే ఉంటాయి. ఆ మోటార్ల చప్పుడు వినిపిస్తోంది, బట్టీ కనిపించడం లేదు. పొగమంచులో కొన్ని బారల నీళ్ళు, ఒక కర్ర, దాని మీద ఎర్రగుడ్డ, అంతే లోకం. ఇంట్లో నా భార్య కస్తూరికి సెక్టారులోనే ఉంటాను, సామాన్లు కట్టించడానికి రాఘవులు భార్య తాయారమ్మగారింటికి వెళ్తానని చెప్పి బయల్దేరాను. గాలం సంచి చూసి కూడా కస్తూరి తలుపేసుకుంది. తాయారమ్మగారు ఈ సాయంత్రం బండికి కాకినాడ వెళ్ళిపోతోంది. భర్త పోయి ముప్పై ఆరు రోజులు. ఏడాదిదాకా క్వార్టరు ఉంచుకోవచ్చు, రూలుంది, నేనే ఫైలు పుటప్ చేస్తానన్నాను, వద్దంది. తను అన్న మాటకే మొగుడు ఈ గుంటలో పడి ప్రాణం తీసుకున్నాడని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకం మూటకట్టుకునే బండెక్కుతుంది. కాదని చెప్పగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. వాడు స్టేషనుకి వెళ్ళకుండా ఉండడానికి ఇక్కడికి వచ్చి కూచున్నాడు.

చలికి జిలేబీ చేపలు కదలవు. ఇది రాఘవులు చెప్పిన పాఠం. ఎండాకాలంలో ఒడ్డు దాకా వచ్చి ఎర లాక్కుపోయే చేప చలికాలంలో లోతు మొదలయ్యే అంచు కింద పొట్ట నేలకి ఆనించి పడుంటుంది, బురదనీళ్ళలో దానికి కంటిచూపు పనికిరాదు, ఎర తీసుకెళ్ళి మూతి ముందు పెట్టాలి, వాసన రావాలి. అందుకే గోధుమపిండిలో ఇంగువ కలిపేవాడు. ఇంట్లో ఇంగువడబ్బా ఖాళీ. తాయారమ్మగారు నా ముందే అనేది, "అన్నయ్యగారూ, మా ఇంట్లో పులుసుకి ఇంగువ ఉండదండీ, చేపలకి మాత్రం పోపేసి పంపుతారు." రాఘవులు సిగ్గు లేకుండా నవ్వేవాడు. మునివేళ్ళతో తంగూసు పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు, నాడి చూస్తున్న వైద్యుడిలాగా. బెండు కదలక ముందే తెలిసేది వాడికి. "వచ్చిందండీ… వాసన చూస్తందండీ… ఆలోచిస్తందండీ… ఆయ్!" లాగేవాడు, అరచేయంత జిలేబీ గాల్లో మెరిసేది. వాడి బుట్టలో ఏడుంటే నా బుట్టలో రెండు. వాడికి పదకొండుంటే నాకు మూడు. పదహారేళ్ళు. ఒకే ఆఫీసు, ఒకే సెక్టారు, పక్కపక్క బ్లాకులు, ఇద్దరం సెక్షనాఫీసర్లం, ఆదివారం ఆదివారం ఒకే గుంట, ఎప్పుడూ వాడిదే బరువైన బుట్ట. "శేషగిరి గారండీ, మీరు ఎరెయ్యట్లేదండీ, ఫైలు పుటప్ చేస్తన్నారు. చేప సంతకం పెట్టదండి." మెట్రోలో అందరూ వినేట్టు అనేవాడు. మా ఆదివారం బ్యాచ్‌లో మల్లేశం నవ్వేవాడు, నేనూ నవ్వేవాణ్ణి. నవ్వుతూ ఇంటికి వచ్చి బాత్‌రూంలో చేతులు కడుక్కుంటూ అద్దంలో మొహం చూసుకునేవాణ్ణి. యాభై ఎనిమిదేళ్ళ మొహం. చేపల గురించి ఏడుస్తున్న మొహం.

కర్ర అక్కడే ఉంది. నిటారుగా. మా బ్యాచ్ పెట్టుకున్న కర్ర అది, నాలుగేళ్ళ కిందట మల్లేశం నడుంలోతుకి జారి చావు తప్పి బయటపడ్డాక పాతాం. జేసీబీలు తవ్విన గుంటకి అడుగు సమంగా ఉండదు. ఒడ్డు నుంచి కొంతదూరం మోకాలి లోతు గట్టినేల, తర్వాత ఒక్కసారిగా నిలువెత్తుకి రెండింతల గొయ్యి. బురదనీళ్ళలో ఆ అంచు కనపడదు, కాలికి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. అందుకని అంచు దగ్గర వెదురుకర్ర, దానికి ఎర్రగుడ్డ. ఒడ్డు నుంచి కర్రకి సూటిగా నడవాలి, కర్రని చేత్తో ముట్టుకోవాలి, అక్కడ ఆగాలి, ముందుకి అడుగెయ్యకూడదు, గాలం మాత్రం దించాలి. బూట్లేసుకుని నీళ్ళలోకి దిగేముందు ఫోను, కళ్ళజోడు, పర్సు తీసి సంచిలో పెట్టి ఒడ్డున ఉంచడం కూడా మా పద్ధతే. ఒకసారి నా ఫోను నీళ్ళలో పడ్డాక అలవాటైంది. ఎవరు కొత్తగా వచ్చినా రాఘవులే నేర్పేవాడు, "కర్ర అంటే అమ్మగారండీ, ఆవిడ మాట జవదాటకూడదండి." ఇక్కడ కాపలా ఉండే ముసలి లల్లన్‌కి కూడా దణ్ణం పెట్టించాడు ఆ కర్రకి.

డిసెంబరులో ఒక బుధవారం నేను సెలవు పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే ఎందుకూ లేదు, పళ్ళ డాక్టరు అన్నాను ఇంట్లో. ఒక్కణ్ణీ వచ్చాను. ఆ బుధవారమే దొరికింది నాకా చోటు. కర్ర పక్కనే, అంచు ఒకచోట లోపలికి తిరిగి, కొరికిన రొట్టెలాగా ఒడ్డు వైపుకి నొక్కుకుపోయి ఉంది, అందులో మునిగిన తుమ్మచెట్టు. చెట్టు కొమ్మల మధ్య గాలం దించాను. ఒకటి. రెండు. ఐదు. చలికి మొద్దుబారిన జిలేబీలు, పోరాటం లేకుండా, బరువుగా, ఒకదాని వెనక ఒకటి. పదమూడు. నా జన్మలో పట్టలేదు అన్ని. లెక్కపెట్టి మళ్ళీ లెక్కపెట్టాను. చూడ్డానికి ఎవరూ లేరు. చెప్పుకోవడానికి రాఘవులు లేడు. రాఘవులుకి చెబితే? ఆదివారం వాడు కర్ర దగ్గరే నిలబడతాడు, చెయ్యి చాపితే ఈ తుమ్మచెట్టు గుంట అందుతుంది, కళ్ళు మూసుకుని తంగూసు పట్టుకుంటాడు, నా పదమూడు వాడికి ఇరవై అవుతాయి, "ఆయ్ శేషగిరి గారూ, ఇంత మంచి చోటు ఇన్నాళ్ళూ దాచారా అండీ" అంటాడు. అది ఊహించుకుంటూ నిలబడ్డాను. కాళ్ళు తిమ్మిరెక్కాయి. కర్ర పట్టుకుని ఊపాను. వదులుగానే ఉంది. అంతే. పీకాను. ఎడమవైపు నాలుగైదు బారల దూరంలో గట్టినేల నాలుకలాగా గుంటలోకి చాలా దూరం వెళ్తుంది, పక్కనుంచి చుట్టూ తిరిగి నడుచుకుంటూ వెళ్ళి ఆ నాలుక కొసన పాతాను. వెనక్కి వచ్చి చూశాను. గుడ్డ అదే, కర్ర అదే, ఎవరికీ అనుమానం రాదు. అక్కడ ఒక్క చేప ఉండదు. రాఘవులు ఆదివారం పొద్దుటినుంచి అక్కడ నిలబడి ఒక్కటి కూడా పట్టకుండా ఒడ్డుకొచ్చి నా బుట్ట చూస్తాడు. వాడి మొహం ఎలా ఉంటుందో అని నవ్వుకుంటూ ఈ-రిక్షా ఎక్కాను. మేం ఎప్పుడూ దిగే ఒడ్డు నుంచి నాలుక కొసకి సూటిగా నడిస్తే ఆ తుమ్మచెట్టు గుంట దారి మధ్యలో పడుతుందన్న సంగతి నాకు తెలుసు. తెలుసు. తెలియక చేశానని ఎన్నోసార్లు అనుకోబోయాను. ఆదివారం నేనే ముందొస్తాను, చుట్టూ తిరిగి వెళ్ళమని చెబుతాను, అనుకున్నాను. ఆదివారం అనుకున్నాను. శుక్రవారం వస్తాడని ఎవరనుకుంటారు?

గురువారం రాఘవులుకి ఛార్జ్ మెమో వచ్చింది. ఏదో పాత ఫైలు కనపడ్డంలేదని, నీ సంతకంతోనే కదిలిందని. తర్వాత ఆ ఫైలు వేరే సెక్షను బీరువా వెనక దొరికింది, వాడు పోయిన పదో రోజున. ఆ రాత్రి ఇంట్లో గొడవ. సహస్ర చెప్పింది నాకు, వాళ్ళమ్మాయి, ధౌలా కువాన్‌లో చదువుతుంది. తాయారమ్మగారు అందిట, "ఆఫీసు పట్టదు, ఇల్లు పట్టదు, ఎప్పుడు చూసినా ఆ గుంటేగా? వెళ్ళి ఆ గుంటలోనే ఉండండి, ఇంటికి రాకండి." ఏ ఇంట్లో అనరు? కస్తూరి నన్ను ఇంతకన్నా అంది. తెల్లారి ఆరింటికి వాడు సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. ఇలాంటి పొగమంచే. సాయంత్రమైనా రాలేదు. అందరం వచ్చాం, ఒడ్డున సంచి ఉంది. ఫోను, కళ్ళజోడు, పర్సు, పొందిగ్గా. మనిషి మూడోరోజు తేలాడు, ఆ చివర బట్టీ వైపు. ఒక కాలికి బూటుంది, ఒక కాలికి లేదు. గోదావరి కాలవల్లో ఈత నేర్చినవాడు మునుగుతాడా అన్నారు. మెమో వచ్చిందట కదా అన్నారు. పోలీసులు ప్రమాదం అని రాసుకున్నారు, సెక్టారంతా ఇంకోటి రాసుకుంది. తాయారమ్మగారు ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని నన్నడిగింది, "అన్నయ్యగారూ, తిరిగొచ్చే మనిషి కళ్ళజోడు తీసి ఎందుకు పెడతారండీ?" మల్లేశం ఏడుస్తున్నాడు, వాడికి వినపడలేదు. నాకు వినపడింది. మా పద్ధతి అమ్మా అది, అనాలి. నాలుగు మాటలు. నోట్లోదాకా వచ్చాయి. కాని ఆ మాట అన్నాక తర్వాతి ప్రశ్న ఉంటుంది, మరి మామూలుగా దిగితే ఎలా పోయారు, అంత తెలిసినాయన అని. అందుకని తల దించుకున్నాను. తల దించుకోవడాన్ని ఆవిడ జవాబనుకుంది. గాలించడానికి వచ్చిన జనం పడవ తిప్పుతూ ఆ చివరే వెతుకుతుంటే, శనివారం పొద్దున నేను ఎవరూ చూడకుండా చుట్టూ తిరిగి వెళ్ళి కర్ర పీకి పాతచోట పెట్టాను. మనిషి ఇంకా దొరకలేదు అప్పటికి. వాణ్ణి వెతక్కుండా కర్రని సర్దాను.

బూటులో వేలు పెట్టి మట్టి తీస్తున్నాను. ఎందుకు తీస్తున్నానో తెలీదు. లోపల మెత్తగా తగిలింది. మేజోడు. ఊలు మేజోడు, తాయారమ్మగారు అల్లింది, రెండు రంగులు. బూటులోనే ఉండిపోయింది. కాలు ఒక్కటే బయటికి వచ్చింది. అంటే వాడు అంచు దగ్గర మట్టిలో దిగబడ్డాడు, మోకాలిదాకా కూరుకుంది, రెండు చేతులతో కాలు పట్టుకుని లాక్కున్నాడు, మేజోడు ఊడేంత బలంగా లాక్కున్నాడు. అప్పటికి రెండోకాలి బూటు నీళ్ళతో నిండిపోయి ఉంటుంది, జాకెట్టు తడిసి ఉంటుంది, ఈ చలికి ఊపిరి బిగుసుకుపోయి ఉంటుంది. చావడానికి వచ్చినవాడు బూటులోంచి కాలు లాక్కోడు. పోస్ట్‌మార్టం గది బయట వాడి చెయ్యి చూశాను, దుప్పటి జారితే, గోళ్ళ నిండా ఇదే మట్టి. చూసి దుప్పటి కప్పాను. ఏమని పిలిచి ఉంటాడు? లల్లన్ ఆరోజు జ్వరంతో గుడిసెలో పడుకున్నాడు. ఎవర్ని పిలిచి ఉంటాడు? నా పేరు గట్టిగానే పిలుస్తాడు వాడు ఎప్పుడూ. వద్దు. వద్దు అది.

విసిరెయ్యచ్చు. మట్టి నింపి అదే గుంటలోకి. ఇంకో వందేళ్ళు ఎవరి గాలానికీ తగలదు. సాయంత్రం బండి వెళ్ళిపోతుంది, వచ్చే ఏడాది నేను రిటైరవుతాను. లేదా బూటు మాత్రం ఇచ్చెయ్యచ్చు, కర్ర సంగతి చెప్పకుండా, ఇదిగో అమ్మా, కాలు లాక్కున్నాడు, బతకాలనుకున్నాడు, అని. అప్పుడు ఆవిడ అడుగుతుంది, ఆ గుంటలోకి ఎందుకు నడిచారండీ, కర్ర ఉండగా? కర్ర సంగతి వాడు ఇంట్లో ఎప్పుడూ చెప్పేవాడు. అడుగుతుంది. చెబితే మాత్రం ఆవిడకి ఏం ఒరుగుతుంది? తన మాటకి పోయాడనుకుంటే కనీసం ఒక పెద్ద కారణం ఉంది, భార్యాభర్తల మాట. నేను ఇచ్చే కారణం జిలేబీ చేప. ఏది ఎక్కువ బరువు? వాడుంటే తూచి చెప్పేవాడు. వెనక మెత్తటి అడుగులు. లల్లన్, తల మీదుగా కంబళి, చేతిలో బీడీ. బూటుని సంచి వెనక్కి తోశాను.

"కుఛ్ లగా, బాబూజీ?" ఏమైనా పడిందా అని.

"నహీ. కచ్రా." చెత్త అన్నాను.

"ఈ సర్దీలో, ఇంత చలిలో చేప ఎక్కడిది? మీ తమ్ముడిగారు ఉంటే వేరు." తమ్ముడంటే రాఘవులు. లల్లన్‌కి మేమిద్దరం అన్నదమ్ములమే. బీడీ నన్ను తాగమన్నాడు, వద్దన్నాను. చెయ్యెత్తి కర్రకి దణ్ణం పెట్టుకుని పొగమంచులోకి వెళ్ళిపోయాడు. నేను కర్ర వైపు చూడకుండా బూటు మళ్ళీ ముందుకి లాక్కున్నాను.

ఫోను మోగింది. సంచిలో, లోపల. తీసేసరికి ఆగింది, మళ్ళీ మోగింది. సహస్ర.

"అంకుల్, కహా హో ఆప్? కస్తూరి ఆంటీ ఇక్కడే ఉన్నారు, మీరు ఎప్పుడో బయల్దేరారని చెప్తున్నారు."

"వస్తున్నానమ్మా."

"మమ్మీ కుఛ్ ఖా నహీ రహీ అంకుల్. కల్ సే. నిన్నటినుంచి ఏమీ తినలేదు. ఒకటే మాట, నేను అనకుండా ఉంటే, నేను అనకుండా ఉంటే… ట్రైన్‌లో తనతో నేనొక్కదాన్నే, ముఝే డర్… నాకు భయంగా ఉంది. ఆప్ బాత్ కరో నా ప్లీజ్. మీ మాట వింటుంది." నేను వద్దనేలోగా ఫోను చేతులు మారింది. అవతల సామాన్లు కడుతున్న తాళ్ళ చప్పుడు, ఎవరో హిందీలో అట్టపెట్టె ఎత్తమంటున్నారు. తర్వాత ఆవిడ ఊపిరి. తర్వాత గొంతు, ముప్పై ఆరు రోజుల్లో సగమైపోయిన గొంతు.

"అన్నయ్యగారూ, ఒక్కటడుగుతానండీ, దాచకండి. మీకు అన్నీ చెప్పుకునేవారు కదండీ. ఆ రాత్రి మీకు ఫోను చేశారా? తాయారు ఇలాగందని… చెప్పారాండీ? మనసులో పెట్టుకున్నారాండీ?"

లేదు అంటే చాలు. లేదమ్మా, ఏమీ అనలేదు, ధైర్యంగా ఉండండి, సాయంత్రం స్టేషనుకి వస్తాను. ఆ మాటలే అందామని నోరు తెరిచాను. చేతివేళ్ళ మధ్య మట్టి ఆరిపోతూ బిగుస్తోంది. అవతల ఆవిడ ఎదురుచూస్తోంది. నేను లేచి నిలబడ్డాను, పెద్ద ఆఫీసరు ముందు నిలబడ్డట్టుగా, ఎవరూ లేని ఒడ్డు మీద.

"అమ్మా, ఆయన నాకు ఫోను చెయ్యలేదు. మీ మాటకీ ఆయన పోవడానికీ ఏ సంబంధమూ లేదు. ఆయన చావడానికి రాలేదమ్మా, చేపలకి వచ్చాడు. కళ్ళజోడు, ఫోను తీసి సంచిలో పెట్టి దిగడం మా అందరికీ అలవాటే, ఆరోజు మీరు అడిగితే తెలిసీ చెప్పలేదు. ఇక్కడ లోతు ఎక్కడ మొదలవుతుందో తెలియడానికి ఒక కర్ర ఉంటుంది, మీకు చెప్పే ఉంటాడు. దాన్ని పీకి వేరే చోట పాతింది నేను. రెండురోజుల ముందు, బుధవారం. దానికి సూటిగా నడిస్తే మధ్యలో గొయ్యి పడుతుందని నాకు తెలుసు. ఆయన శుక్రవారం దాన్ని నమ్మి నడిచాడు. శనివారం ఎవరూ చూడకుండా మళ్ళీ పాతచోట పెట్టింది కూడా నేనే. ఆయన బతకడానికే చూశాడమ్మా, బూటులోంచి కాలు లాక్కున్నాడు, ఆ బూటు ఇప్పుడు నా దగ్గరుంది, తీసుకొస్తాను. పోలీసులకి కూడా ఇదే చెబుతాను. ఫోను పెట్టెయ్యకండి. ఎందుకు జరిపావని అడగండి. అడగరా? నేనే చెబుతాను. ఆయనకి నాకన్నా ఎక్కువ చేపలు పడేవి. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని ముప్పై ఆరు రోజులు వెతుక్కున్నాను. లేదమ్మా."